కుక్కలతో మా ఊరికి వచ్చే అతిథులకు: ఈ యాసంగి నుంచి నడకల్లో మార్పులు

వరంగల్ సమీపాన ఐనవోలు దగ్గరి మా తోటలో బస చేసి, తెల్లవారుజామున తమ కుక్కలతో చెరువుకట్ట మీదుగా, పొలాల మధ్యగా మాతో నడిచే అతిథులందరికీ నమస్కారం. ఈ యాసంగి నుంచి మా నడకల్లో కొన్ని మార్పులు చేస్తున్నాము. పొలం ఒడ్ల మీద నడక ఇకపై ఏడాది పొడవునా కాక కొద్ది వారాలే ఉంటుంది. కాలువ దారిని పూర్తిగా మానుకుంటున్నాము. నడక దారుల్లో కుక్కను తాడు విప్పి వదిలే వీలు ఎక్కడా ఉండదు. ఎండాకాలంలో నడకలే ఉండవు. రుసుము కూడా కొంత పెరుగుతుంది. ఇవి అందరికీ నచ్చవని తెలుసు. హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చేది కుక్క హాయిగా పరుగెత్తడానికే కదా అని ఒక అతిథి సూటిగానే అడిగారు. ఆయనకు ఫోనులో సగమే చెప్పగలిగాను, మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను.

మేము నడిపించే దారుల్లో మాది అనదగినది తోట గేటు వరకే. ఆ తరువాత వచ్చే బండ్లబాట, ఒడ్లు, తాటివనం, చెరువు శిఖం (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేల) అన్నీ ఊరివే. వాటి మీద పని ఉన్నవారికే మొదటి హక్కు. కాబట్టి నడక ఎప్పుడు, ఎటు అన్నది అతిథుల సెలవులను బట్టి కాక పంటను బట్టి నిర్ణయం కావలసి ఉంటుంది. వానాకాలం వరికోతలు ముగిసి యాసంగి నాట్లు పడేలోగా దొరికే కొద్ది వారాలే పొలాల్లో తిరగడానికి నిజంగా అనువైన కాలం. నాట్లకు ముందు రైతులు ఒడ్లు చెక్కి, వాటికి బురదమట్టి మెత్తి, మడిలో నీళ్లు నిలబెడతారు. ఆ పచ్చి ఒడ్డు మీద పాతిక, ముప్పై కిలోల లాబ్రడార్ ఒక్కసారి దూకితే గండి పడి, పై మడి నీళ్లు కింది మడిలోకి పోతాయి. ఆ నీళ్లు బోరు నుంచి వచ్చినవైతే, మోటారు పెట్టి వాటిని మళ్లీ పారించుకోవలసింది రైతే.

పత్తి చేలకు వేరే కారణం ఉంది. జూన్‌లో విత్తనం పడిన పత్తికి ఆగస్టు నుంచి పురుగుమందుల పిచికారీ సాగుతుంది. మందు కొట్టిన చేనులో నడిచిన మనిషి ఇంటికి వెళ్లి చెప్పులు విప్పి కాళ్లు కడుక్కుంటాడు గానీ, కుక్క తన పాదాలను తానే నాకుతుంది కనుక మందు నేరుగా దాని కడుపులోకి పోతుంది. చొంగ విపరీతంగా కారడం, వణుకు, నడక తూలడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. మా దారిలోనే మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నప్పటికీ, ఉదయం ఆరు గంటలకు ఏ వైద్యుడైనా సిద్ధంగా ఉంటాడని మేము హామీ ఇవ్వలేము. అందుకే ఆగస్టు నుంచి పత్తి ఏరడం పూర్తయ్యేదాకా చేలవైపు వెళ్లము.

నవంబరులోను, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోను వడ్లు రోడ్డు మీదికి వస్తాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే తూకం వేయరు కాబట్టి, ఖాళీగా కనిపించిన ప్రతి జాగాలో రైతులు వడ్లు ఆరబోస్తారు. ఆ కుప్పల పక్కన కుక్క కాలెత్తితే ఏ రైతైనా కోపగించుకుంటాడు, ఆ కోపం న్యాయమైనదే. ఎండాకాలంలో నడకలే ఉండవు కనుక, నవంబరులో మాత్రం తోట వెనుక గేటు నుంచి నేరుగా చెరువుకట్ట ఎక్కుతాము, ఊరి రోడ్డు తొక్కము.

గుట్ట కింది మక్కచేల దారి చాలామందికి ఇష్టమైనది. దానిని మూసివేయడం మాకూ బాధగానే ఉంది. ఉత్తర తెలంగాణలో అడవిపందుల బెడద ఉన్న చోటల్లా చేల చుట్టూ కరెంటు తీగలు పెట్టే అలవాటు ఉంది. సోలార్ కంచె ఆగి ఆగి చిన్న షాక్ మాత్రమే ఇస్తుంది. లైను నుంచి నేరుగా కొక్కెం వేసి లాగిన తీగ అలాంటిది కాదు. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా, మనుషులు సైతం దానికి బలయ్యారు. మంచు పడి నేల తడిగా ఉన్న వేకువన, మోకాలి ఎత్తున ఉన్న సన్నని ఇనుప తీగ కుక్కకు గాని, దాని వెనుక నడిచే మీకు గాని కనిపించదు. మా దారిలో ఎవరో తీగ పెట్టారని నేను అనడం లేదు, ఎవరూ పెట్టరని మీకు మాట ఇవ్వలేనని మాత్రమే అంటున్నాను.

కాలువ సంగతి దీనికంటే సులభంగా అర్థమవుతుంది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువకు సిమెంటు లైనింగు ఉన్న చోట గట్లు ఏటవాలుగా, నాచు పట్టి నున్నగా ఉంటాయి. నీళ్లు తాగబోయి జారిన కుక్క ఎంత ఈత వచ్చినదైనా గోళ్లకు పట్టు దొరకక పైకి రాలేదు, దానిని కాపాడబోయిన మనిషి పరిస్థితీ అంతే. నీళ్లు వదలని రోజుల్లోనైనా వెళ్దామని కొందరు అడుగుతున్నారు. నీళ్లు ఎప్పుడు వదులుతారో మా చేతిలో లేదు కాబట్టి ఆ దారి వద్దు.

ఇక తాడు విషయం. కురుమల గొర్ల మందలు కోసిన పొలాల్లో మేస్తూ, రాత్రిళ్లు అక్కడే ఆగుతాయి. పట్నం కుక్క పళ్లు దిగకపోయినా, ఊరికే వెంటపడి తరిమినా బెదిరిన మందలో సూడి గొర్రె ఈసుకుపోవచ్చు, అంటే దాని కడుపు పోవచ్చు. ఆ నష్టానికి క్షమాపణ సరిపోదు. మందను కాసే కుక్కలు కూడా తమ పని తాము చేస్తాయి. అవి ఎదురుగా వచ్చినప్పుడు మీ కుక్కను చంకకు ఎత్తుకోకండి, పరుగెత్తకండి. పక్కకు తిరిగి నెమ్మదిగా దూరం జరిగితే చాలావరకు అవి మంద దగ్గరికే మళ్లిపోతాయి. ఒగ్గు కథల్లో మల్లన్న వెంట కుక్క ఉండే ఈ నేల మీద కుక్క అంటే ఎవరికీ చులకన లేదు. అయితే ఇక్కడ కుక్కకు ఒక పని, ఒక హద్దు ఉంటాయి. మీరు కోరిన పరుగు కోసం తోట లోపల ఎకరం నేలకు జాలీ కంచె కట్టించాము. అందులో తాడు విప్పవచ్చు.

చెరువుకట్ట నడక మాత్రం కొనసాగుతుంది, నా దృష్టిలో అన్నింటికంటే మంచి దారి కూడా అదే. కాకపోతే చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతున్న రోజుల్లోను, సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం పూట కట్ట నిండా జనం ఉన్నప్పుడును ఉండదు. పూడిక తీసిన గుంతలు నీళ్ల కింద కనిపించవు కనుక కుక్కలను చెరువులోకి దింపనివ్వము. తాటివనంలో ఒక చిన్న జాగ్రత్త చాలు: చెట్టు కింద ఒలికిన కల్లును కుక్కలు ఎంతో ఇష్టంగా నాకుతాయి. అది వాటికి మంచిది కాదు, గౌడన్నలకు నవ్వు తెప్పించినా సరే. శిఖం దాటి వచ్చాక పాదాల మధ్య పల్లేరుకాయలను, చెవుల వెనుక గోమార్లను తప్పక వెతకండి.

మార్చి చివరి నుంచి తొలకరి దాకా నడకలు ఆపుతున్నాము. కుక్క మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, రొప్పడమే దాని ప్రధాన ఆధారం. ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌లకు అదీ సరిగా సాగదు. దట్టమైన బొచ్చున్న హస్కీలకు మా ఎండ మొదలే పడదు. ఉదయం తొమ్మిదికే తారు కాలిపోయే నెలల్లో రుసుము తీసుకొని నడిపించడం నాకు సమ్మతం కాదు, ఆ నెలల్లో ఆదాయం పోయినా సరే.

రేబిస్ టీకా గడువులో ఉన్నట్లు ధ్రువపత్రం చూపనిదే నడకకు అనుమతి లేదు. వరి మడుల నీళ్లలో ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కు కూడా టీకా వేయించి తీసుకురండి. ఏ కుక్క కరిచినా, పెంపుడుదైనా సరే, గాయాన్ని సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అందుకు బండి మేమే పెడతాము.

రామప్పను, పాకాలను కలిపి చూపమని అడిగేవారు ఎక్కువయ్యారు. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ కోరిక మరింత పెరిగింది. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లోకి జంతువులను తీసుకురాకూడదన్న నిబంధన ఉంది. పాకాల అభయారణ్యంలోకి కూడా కుక్కలను తీసుకువెళ్లము, పెంపుడు కుక్కల రోగాలు అడవి జంతువులకు సోకుతాయి. మీరు అక్కడికి వెళ్లిన పూట కుక్క మా దగ్గర ఉండవచ్చు, దానికి విడిగా డబ్బు తీసుకోము.

రుసుము ఒక్కో కుక్కకు 500 రూపాయల నుంచి 650 రూపాయలు అవుతుంది. పెరిగిన 150 రూపాయలు ముందు నడిచి దారి చూసే ఊరి యువకుడి కూలికి, ఒడ్డు తెగినప్పుడో కోళ్లు పోయినప్పుడో రైతుకు ఇచ్చే పరిహారానికి పోతాయి. మక్కచేల దారి, కాలువ దారి, ఏప్రిల్, మే నెలల నడకలు ముందే బుక్ చేసుకున్నవారికి పూర్తి సొమ్ము తిరిగి ఇస్తాము. దానికి బదులు చెరువుకట్ట నడక కావాలనుకునేవారు పాత రుసుముకే రావచ్చు, బయలుదేరే ముందు రోజు సాయంత్రంలోగా కుక్క జాతి, వయసు, టీకా తేదీ మాకు తెలియజేయండి.