చుక్కలను ఒక్కొక్కటిగా చూడటం నేర్పినవాళ్లకు

పాత టెలిస్కోప్ కొలతల్లోంచి పసి నక్షత్రాలను వెతకడానికి ఏడాది పాటు మేం చేసిన పని మీద నిన్న కాన్ఫరెన్స్ హాల్లో పోస్టర్ పెట్టాం. పై వరుసలో మాకు మార్గదర్శిగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త మేడమ్‌గారి పేరు, ఆ పక్కనే ముగ్గురు సైన్స్ టీచర్ల పేర్లు, ఆ తర్వాత మా బడి పిల్లల పేర్లు. ఏడాది పాటు సాయం చేసినవాళ్లందరికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను. అయినా నలుగురి ముందూ చెప్పకపోతే నాకు తృప్తిగా లేదు.

పద్దెనిమిదేళ్లుగా సైన్స్ చెబుతున్నాను. నేను చేయించే ప్రయోగాల్లో జవాబు నాకు ముందే తెలుసు. ఆమ్లంలో ముంచితే నీలి లిట్మస్ ఎర్రబడాలి, ఎర్రబడుతుంది. జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న ముందు కూర్చోవడం నాకు ఇదే మొదటిసారి.

మేం ఏ టెలిస్కోప్‌నీ తిప్పలేదు. 2003లో ఎగిరిన స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోప్ 2020 జనవరిలో పని ఆపేసింది. కానీ అది తీసిన పరారుణ (కంటికి కనిపించని, ఎరుపు కంటే పొడవాటి తరంగాల వెలుగు) చిత్రాలు, 2009 చివర్లో వెళ్లిన వైజ్ అనే మరో అంతరిక్ష టెలిస్కోప్ ఆకాశమంతా గాలించి తెచ్చిన కొలతలు, 2001లో ముగిసిన టూమాస్ అనే పరారుణ ఆకాశ సర్వే జాబితా, అన్నీ ఆర్కైవ్‌లో, అంటే పాత కొలతలు దాచిపెట్టే ఆన్‌లైన్ భాండాగారంలో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. వాటిలోంచి పసి నక్షత్రాలను ఏరడం మా పని. పసి నక్షత్రం చుట్టూ ఇంకా ధూళి పళ్లెంలా తిరుగుతూ ఉంటుంది. ఆ ధూళి నక్షత్రపు వెలుగును పీల్చుకుని వేడెక్కి, పరారుణంలో బయటికి వదులుతుంది. అందువల్ల మామూలు నక్షత్రం బాగా మసకబారిపోయే పొడవాటి తరంగాల దగ్గర కూడా ఇది మెరుస్తూనే ఉంటుంది.

మూడో నెలలో నేనొక పెద్ద తప్పు చేశాను. మాగ్నిట్యూడ్‌లను (ఖగోళంలో వెలుగును చెప్పే అంకెలు) ఫ్లక్స్‌గా, అంటే మనకు నిజంగా చేరే వెలుగు మొత్తంగా మార్చే షీట్‌లో, వైజ్ 22 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు) తరంగపు కొలతకు వాడాల్సిన జీరో పాయింట్, అంటే మాగ్నిట్యూడ్ సున్నా అయినప్పటి ఫ్లక్స్, 8.363 జాన్‌స్కీలు (ఫ్లక్స్‌ను కొలిచే యూనిట్). దాని బదులు 12 మైక్రాన్ల వరుసలోని 31.674ను కిందిదాకా కాపీ చేశాను. దాంతో ఆ ఒక్క కొలత దాదాపు 3.8 రెట్లు పెరిగి, ఏ తరంగం దగ్గర ఎంత వెలుగుందో చూపే గ్రాఫుల్లో ఒక్కో నక్షత్రానికీ చివర తోక పైకి లేచింది. అన్నీ పసి నక్షత్రాలేనని సంబరంగా పంపించాను. మేడమ్‌గారు తప్పు ఇదీ అని చెప్పలేదు. అన్నీ ఒకేచోట, ఒకేలా ఎందుకు లేస్తున్నాయో చూడండి అన్నారు, అంతే. దొరకడానికి రెండు రాత్రులు పట్టింది. తన అరగంటతో అయిపోయే పనికి నన్ను రెండు రోజులు వెతకనిచ్చారు. ఆ తర్వాతి మీటింగ్‌లో టీమ్ అందరి ముందూ, ఇలాంటిది తనకూ జరిగిందని తన పాత అనుభవం చెప్పారు. మేడమ్, ఆ రోజు నాకు మీరిచ్చిన ధైర్యానికి ఎలా కృతజ్ఞత చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆవిడ పట్టుబట్టిన నియమం ఇంకొకటి ఉంది. జాబితాలోకి వచ్చిన ప్రతి చుక్కనూ అన్ని తరంగాల చిత్రాల్లోనూ కళ్లతో చూడాలి. అంకెలు బాగున్నాయి కదా, ఇదంతా ఎందుకని మొదట అనిపించింది. దానికి జవాబు మా పదో తరగతి అమ్మాయి వెతికి పెట్టింది. మా లిస్టులో పైన ఉన్న నక్షత్రాన్ని స్పిట్జర్ 8 మైక్రాన్ల చిత్రంలో చూస్తూ, "సార్, ఇక్కడ రెండున్నాయి" అంది. నిజమే. వైజ్ అద్దం 40 సెంటీమీటర్లే కాబట్టి 22 మైక్రాన్ల దగ్గర 12 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) లోపు ఉన్నవి దానికి ఒకే మరకలా కనిపిస్తాయి. స్పిట్జర్‌ది 85 సెంటీమీటర్లు, పైగా ఆ కెమెరా చూసే తరంగాలు ఇంకా పొట్టివి. అందుకే విడదీసి చూపించింది. మేం నక్షత్రానిదే అనుకున్న మెరుపు పక్కనున్న మసక చుక్కది. అది ఏదో దూరపు గెలాక్సీ కూడా కావచ్చు. ధూళి నిండిన గెలాక్సీలు అచ్చం పసి నక్షత్రాల్లాగే కనిపిస్తాయి. మాకెంతో ఇష్టమైన ఆ నక్షత్రాన్ని లిస్టులోంచి తీసేశాం. తీసేస్తుంటే బాధ వేసింది, ఆ పిల్లను చూస్తే గర్వంగా అనిపించింది. తల్లీ, పోస్టర్‌లో నీ పేరు ఉన్నది దయతో కాదు, నీ పనికి.

మిగతా ఇద్దరు టీచర్లూ నాకు తోబుట్టువుల్లాగే నిలబడ్డారు. నా షీట్‌లో ప్రతి వరుసనూ రెండోసారి లెక్కగట్టింది వాళ్లే. సెలవులు సర్ది నా క్లాసులు తీసుకున్న తోటి ఉపాధ్యాయులకు, సాయంత్రాలు కంప్యూటర్ గది తెరిచి ఉంచిన హెడ్‌మాస్టర్‌గారికి, రాత్రి మీటింగుల వేళ ఇల్లంతా తనే చూసుకున్న నా భార్యకు రుణపడి ఉన్నాను. ఆర్కైవ్‌లో ప్రతి కొలత పక్కనా ఎంత నమ్మవచ్చో గుర్తులు రాసిపెట్టిన, నేను ఎన్నడూ కలవని మనుషులకు కూడా.

నిన్న పోస్టర్ దగ్గర ఒక పెద్ద శాస్త్రవేత్త ఆగి, ఆ తీసేసిన చుక్క సంగతి అడిగారు. నేను మాట్లాడబోతుంటే మేడమ్‌గారు నన్ను ఆపి, మా అమ్మాయిని ముందుకు పిలిచారు. ఆ పిల్ల పది నిమిషాలు వివరించింది. ఆయన నోట్‌బుక్ తీసి రాసుకున్నారు.