చింతపండు డబ్బా స్కానర్

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. ఊరెళ్లొచ్చా. వస్తూ వస్తూ తాతయ్య ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ మూటగట్టుకొచ్చా: దస్తావేజులు, శిస్తు రసీదులు, పాత ఉత్తరాలు. మడతల దగ్గర ముట్టుకుంటే చాలు, పొడి రాలుతోంది. కంప్యూటర్లోకి ఎక్కించేద్దామని, పిన్ని వాళ్ల అటక మీద మూలుగుతున్న స్కానర్ కూడా తెచ్చా.

నా కంప్యూటర్లో విండోస్ కాదు, లినక్సేగా. వైరు గుచ్చితే యూఎస్‌బీ జాబితాలో దాని పేరు కనిపిస్తోంది, స్కాన్ తీసే కమాండ్ స్కాన్‌ఇమేజ్‌నడిగితే మాత్రం స్కానరే లేదంటోంది. లినక్స్‌లో స్కానర్లను నడిపేది సేన్ అనే సాఫ్ట్‌వేర్. ఏ మోడలుకైనా అందులో బ్యాకెండ్, అంటే డ్రైవర్ లాంటిది, ఉంటేనే పని, దీనికి లేదు. రెండు రాత్రులు కుస్తీ పట్టి మళ్లీ అటకెక్కించా. నువ్వు కొత్తది కొంటే అందులో ఈఎస్‌సీఎల్ (స్కానర్‌తో మాట్లాడే ఒక ఉమ్మడి పద్ధతి) ఉందో లేదో చూసుకో. అదుంటే సేన్-ఎయిర్‌స్కాన్ అనే బ్యాకెండ్‌తో కంపెనీ డ్రైవర్ లేకుండానే నడుస్తుంది.

ఫోన్‌లో స్కానింగ్ యాప్ పెట్టుకోవచ్చుగా అంటావు, తెలుసు. పొలం కాగితాలు ఎవరి సర్వర్లోనో పడటం నాకిష్టంలేదురా. అందుకే మామూలు కెమెరాతోనే కానిచ్చా. ఏ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 బై 3508 పిక్సెళ్లు. నా ఫోన్ ఫొటో 4000 బై 3000. కాగితం ఫ్రేము నిండా పడితే సరిపోతుంది.

ఆ నిండా పడటం దగ్గరే తంటా. మొదట స్టూలు అంచున ఫోను పెట్టి కాగితం నేల మీద పరిచా. అక్షరాలు చీమ తలకాయలంత వచ్చాయి. చివరికి జానెడు పైచిలుకు ఎత్తున పుస్తకాల గుట్ట పేర్చి, కెమెరా అంచు దాటి బయటికి ఉండేలా ఫోను పెట్టి, వెనక బరువుకి చింతపండు డబ్బా ఎత్తా. పులుసుకి వేళైనప్పుడల్లా అమ్మ వచ్చి నా స్కానర్‌ని పట్టుకుపోయేది! మడతలు అణగడానికి ఫొటో ఫ్రేము అద్దం వేశా. ట్యూబులైటు అందులో తెల్లగా మెరుస్తోందని ఆర్పేసి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా జరిపా. వేలు తగిలి కదలకుండా మూడు సెకన్ల టైమర్.

వంకర్లు సరిచేయడం, అంచులు కత్తిరించడం స్కాన్‌టైలర్ అనే ప్రోగ్రాంలో. ఇక్కడ ఒక్క పొరపాటు చేశా: నలుపు-తెలుపు పెట్టేసరికి స్టాంపు కాగితం మీది ఊదా ముద్ర మాయమైంది. దస్తావేజుకి ముద్ర లేకపోతే ఇంకేం మిగిలింది? అన్నీ మళ్లీ రంగుల్లో తీశా. తర్వాత ఇమేజ్-టు-పీడీఎఫ్ అనే ప్రోగ్రాం. అది జేపెగ్‌లను మళ్లీ కుదించకుండా ఉన్నవున్నట్టే పీడీఎఫ్‌లో పెడుతుంది.

ఆఖర్న, బొమ్మలోని అక్షరాలను వెతుక్కోగలిగే టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్‌మైపీడీఎఫ్. లోపల అక్షరాలు చదివేది టెసరాక్ట్, తెలుగు ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. అచ్చు రసీదులు బాగానే చదివింది, ఒత్తుల దగ్గర తడబడిందనుకో. దస్తావేజు లేఖరి గొలుసుకట్టు రాత చూసి మాత్రం చేతులెత్తేసింది. వాటికి సంవత్సరం, సర్వే నెంబరు ఫైలు పేరులోనే పెట్టా. వెతుక్కోవడానికి అంతకన్నా దారి లేదు.

ఒక పేజీ దీంతో పంపిస్తున్నా. హద్దుల్లో తూర్పున ‘ఫలానా వారి’ తర్వాత ఒక మాట ఉంది. దిబ్బో, దొడ్డో, నాకు అంతుపట్టలేదు. మీ నాన్నగారు ఆ రాతలు చకచకా చదువుతారుగా, ఆయనకోసారి చూపించి రాయి.

నీ
బావ