పుట్టిన ఊరు కూడా వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాలకొల్లులో నాది డీటీపీ, ఫ్లెక్సీ షాపు. డిసెంబరు ఆఖరి వారంలో మీ పేపర్లో ఆ ఏడాది కన్నుమూసిన ప్రముఖుల పేజీ వస్తుంది కదా, దాన్ని పట్టుకుని పిల్లలు జిరాక్సుకి వస్తారు. గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్ళు. పేజీ పెద్దది, మెషీన్ మీద ఒకేసారి పట్టదు, రెండు ముక్కలుగా తీసిస్తాను. ఈసారి అలా వచ్చిన ఒకమ్మాయి కాపీ చూసుకుంటూ, "ఇందులో మన జిల్లావాళ్ళు ఎవరున్నారంకుల్?" అని అడిగింది. ఇద్దరం కౌంటర్ మీదకి వంగి వెతికాం. స్టాంపు సైజు ఫొటో, పేరు, వయసు, తేదీ, 'అనారోగ్యంతో చెన్నైలో', 'గుండెపోటుతో హైదరాబాద్‌లో'. ఎక్కడ పోయారో ఉంది గానీ ఎక్కడ పుట్టారో ఒక్కరి దగ్గరా లేదు. ఆ అమ్మాయికి నేనేం చెప్పగలను? అందుకే ఈ ఉత్తరం.

మా దగ్గరికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి వచ్చేవాళ్ళూ ఇంతే. పోయిన తేదీ తిథితో సహా చెబుతారు, పుట్టిన తేదీ అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సొంత ఇంట్లోనే అలా ఉంటే పేపర్ని అనడమెందుకని మీకు అనిపించవచ్చు. ఇంట్లోవాళ్ళు ఏడుపులో ఉంటారండీ, మీ ఏడాది పేజీకి ఆ ఇబ్బంది లేదు కదా.

ఈ లోటు నాకు బాగా తెలిసొచ్చింది 2014లో. ఆ ఏడాది ఆగస్టు 29న వినాయక చవితి. పందిళ్ళ ఫ్లెక్సీలతో మాకు నిద్రలేదు. 31న బాపు గారు పోయారన్నారు. మన నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ గారు. నా షాపులో ఆయన లేని రోజు ఉండదు. శుభలేఖ మీద వాలుజడ పెళ్ళికూతురు ఆయన గీతకి నకలు. ఇంటి పేరు పలక మీదికి అందమైన అక్షరాలు కావాలంటే "బాపు ఫాంట్‌లో కొట్టండి" అంటారు. అది ఒక మనిషి చేతిరాత అని, ఆ చెయ్యి పక్క ఊరిదని, అడిగేవాళ్ళలో చాలామందికి తెలియదు.

సరిగ్గా పంతొమ్మిది రోజులకి, సెప్టెంబరు 19న, మాండలిన్ శ్రీనివాస్ గారు పోయారు. నలభై అయిదేళ్ళు. 1969లో మా పాలకొల్లులోనే పుట్టారు. ఆ మర్నాడు దగ్గర ఊరి సన్నాయి మేళం పెద్దాయన ఒకాయన ఆరు బై నాలుగు ఫ్లెక్సీకి వచ్చాడు. మా కుర్రాడు హడావిడిలో వెనకాల ఒక వాయిద్యం బొమ్మ పెట్టేశాడు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "అది గిటారు బాబూ. తీసెయ్యండి" అన్నాడు. ప్రింటు ఆరేదాకా స్టూలు మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసుడట. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని పిల్లాడు ఆరేళ్ళకే పట్టుకున్నాడు. నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడమే రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది తీగల మీద పలికించేవాడు. మొదటి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో. ఇంకో అయిదేళ్ళకి బెర్లిన్ జాజ్ ఫెస్టివల్! పాట తప్ప వాయిద్యం తెలియని గురువు దగ్గర ఆ వాయిద్యం నేర్చుకోవడం ఏమిటో నాకు అప్పుడు సరిగ్గా ఎక్కలేదు. తర్వాత శ్రీనివాస్ గారి కచేరీ రికార్డు వింటే, తీగ మీద గమకం గొంతులోంచి వచ్చినట్టు సాగుతుంటే, అప్పుడు అర్థమైంది.

పేరు ఎలా కొట్టమంటారని పెద్దాయన్ని అడిగితే "నువ్వు ఎప్పుడూ కొట్టేవే" అన్నాడు. అంటే బాపు అక్షరాలే. అలా ఆ ఫ్లెక్సీ మీద మనిషి పాలకొల్లు, అక్షరాలు నరసాపురం. బస్సెక్కితే అరగంట దూరం. ఆ డిసెంబరు పేజీలో మాత్రం ఇద్దరూ చెన్నైవాళ్ళే.

అదే ఏడాది జనవరి 13న అంజలీదేవి గారు వెళ్ళిపోయారు. మావాళ్ళకి లవకుశలో సీతమ్మ. సంక్రాంతి కోడిపందేల వార్తల మధ్య ఎక్కడో ఉంది ఆ కబురు. తొమ్మిది రోజులకి అక్కినేని గారు పోవడంతో అదీ మరుగున పడిపోయింది. పుట్టింది పెద్దాపురంలో. అది మెట్ట, దాన్ని తెచ్చి మన డెల్టాలో కలుపుతావేంట్రా అంటాడు మా మేనమామ. కాకినాడ నాటకాల్లో రాటుదేలిన మనిషిని కలుపుకోక ఏం చేస్తాం? ఇక డిసెంబరు 8న నేదునూరి కృష్ణమూర్తి గారు, పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టినాయన. వందకి పైగా అన్నమయ్య కీర్తనలకి స్వరాలు కట్టారు. తెల్లవారుజామున మా గుడి మైకులో వచ్చేవి చాలా మటుకు ఆయన స్వరాలేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

విగ్రహాలు పెట్టమని నేను అడగడం లేదు. కాలవ వంతెనల దగ్గర విగ్రహాలకి మాకేం కొదవ లేదు, ఎండిపోయిన దండలతో సహా. నేనడిగేది ఒక్క లైను. ఫొటో కింద పుట్టిన ఊరు, నేర్పిన గురువు, మొదట నిలబడ్డ వేదిక. ఏడు పాయింట్ల అక్షరాల్లో వేసినా చాలు. ప్రింటింగ్‌లో ఉన్నవాడిని కాబట్టి చెబుతున్నాను, చోటు సరిపోతుంది, ఫొటోల మధ్య మీరు వదిలే ఖాళీ అంతకంటే ఎక్కువ. పోయిన రోజు రాత్రి పది గంటలకి హడావిడిగా రాసే వార్తలో ఊరు దొరక్కపోతే అర్థం చేసుకోవచ్చు. ఏడాది పేజీకి మీకు నెలల టైముంది.

జిల్లా ఎడిషన్లో అయితే ఇంకో అర పేజీ ఇవ్వండి. సుబ్బరాజు గారిలాంటి గురువులు, మేళాలవాళ్ళు, నాటకాలకి తెర కట్టినవాళ్ళు ఏ ఏడాది పేజీలోనూ నాకు కనబడలేదు. వాళ్ళ గురించి చెప్పగలిగేవాళ్ళు ఇంకా మా ఊళ్ళల్లో ఉన్నారు. మీ విలేకరి రోజూ నా షాపు ముందునుంచే బండి మీద వెళ్తాడు. ఆగితే టీ తెప్పిస్తాను, ఎవరింటికి వెళ్ళాలో చూపిస్తాను.

నాకు ఫ్లెక్సీ చేయించిన ఆ సన్నాయి పెద్దాయన ఇప్పుడు లేడు. ఫైలు మాత్రం నా కంప్యూటర్లో ఉంది. కావాలంటే పంపిస్తాను. గిటారు తీసేసిందే.

ఇట్లు,
ఒక ఫ్లెక్సీ షాపు యజమాని,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా