విజయవాడ దారిలో మా బాబుకు తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో వెళ్లి క్షేమంగా తిరిగొచ్చాం. తొమ్మిదేళ్ల మా బాబుకు మేధో వైకల్యం ఉంది, మాటలు తక్కువ. ఇంత సాఫీగా వెళ్లొచ్చామంటే అది ముగ్గురి పుణ్యం. వాళ్లు చేసిన పని వివరంగా రాస్తున్నాం, ఇలాంటి పిల్లలున్న ఇళ్లకు పనికొస్తుంది.

ముందుగా స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్‌కు. ‘ఇంకా నాలుగు గంటలు’ అంటే బాబుకు అర్థం కాదు, కంటికి కనిపిస్తే అర్థమవుతుంది. అందుకే ఆవిడ దారినంతా ఫోటోల పట్టీగా చేసిచ్చారు: పంతంగి టోల్‌గేటు, సూర్యాపేటలో టిఫిను, కోదాడ, నందిగామ, చివర అమ్మమ్మ ఇల్లు. చిన్న కార్డులు, వెనక వెల్‌క్రో. చోటు దాటగానే బాబే ఆ కార్డు పీకి సంచిలో వేస్తాడు. మెరిసే లామినేషన్ మీద ఎండ పడితే బొమ్మ కనిపించదని మ్యాట్ షీటు వేయించారు. ఒళ్లో పెట్టుకుని తల వంచి చూస్తే కడుపులో తిప్పుతుంది కాబట్టి ముందు సీటు వెనక, కంటి ఎత్తున కట్టమన్నారు.

అన్నిటికంటే విలువైనది పసుపు రంగు ఖాళీ కార్డు. బండి అనుకోకుండా ఆగితే దాన్ని వరసలో అతికించాలి. అది లేకపోతే, కార్డుల్లో లేని చోట ఆగగానే పిల్లాడికి దారే తప్పిపోయినట్టు. ఏడుపు అక్కడే మొదలవుతుంది. వారం ముందు నుంచే ఇంట్లో ఆ కార్డు వాడి అలవాటు చేయించారు. పండగ రద్దీలో పంతంగి ముందు బండ్లు బారులు తీరినప్పుడు అదే కాపాడింది.

డ్రైవర్ అన్నకు. బాబు ఎక్కకముందే చైల్డ్ లాక్ వేసి, తనే వెనక కూర్చుని లోపలి నుంచి తలుపు లాగి చూశారు. ఎడమవైపు సీటే ఇచ్చారు, దిగేటప్పుడు రోడ్డు అంచు వైపు దిగొచ్చని. గంటకోసారి తనంతట తనే ఆపారు. ఒంటేలు వస్తోందని ఇలాంటి పిల్లలు చెప్పేసరికే ఆలస్యమైపోతుంది, అడిగేదాకా చూడకూడదు.

సూర్యాపేట టిఫిన్ సెంటర్ వాళ్లకు. ముందే ఫోన్ చేస్తే మిక్సీ చప్పుడు వినపడని మూలన బల్ల ఉంచారు. ఇడ్లీ ప్లేటులో, చట్నీ వేరే గిన్నెలో తెచ్చారు. రెండూ అంటుకుంటే బాబు ముట్టడు. చేతులు ఆరబెట్టే మిషన్ స్విచ్ ఆపేసి, మేం బయటికొచ్చేదాకా బాత్రూము తలుపు దగ్గరే నిలబడ్డ తమ్ముడికి చేతులెత్తి దణ్ణం.

ఇంకో మాట. తిరుగు ప్రయాణానికి పట్టీ వేరే ఉండాలి. పాత కార్డులనే తిప్పి అతికిస్తే వరస మారిందని పిల్లలు ఒప్పుకోరు. మేడమ్ ఇది ముందే ఆలోచించి, నీలం అంచుతో, మా ఇంటి తలుపు ఫోటోతో ముగిసే రెండో పట్టీ చేసి, సెలవు రోజైనా ఇంటికొచ్చి ఇచ్చి వెళ్లారు. మేడమ్, అన్నా, తమ్ముడూ, మా ఇంటిల్లిపాది తరఫున మీకు వేలవేల కృతజ్ఞతలు.