2024–25 వార్షిక నివేదిక: హైస్కూలు సైన్సులో ఆలోచింపజేసే బోధన

సైన్సు ఉపాధ్యాయ సభ్యులందరికీ నమస్కారం.

పాఠ్యపుస్తకాల విద్యాప్రమాణాల్లో ‘ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం’ ఉంది. కానీ జవాబు నోట్సులో రాయించేశాక పరీక్షలో ‘విశ్లేషించండి’ అని అడిగితే అది జ్ఞాపకశక్తి పరీక్షే అవుతుంది. అందుకే జవాబు ముందుగా పిల్లల చేతికి అందని ప్రశ్నలు తయారుచేయడమే ఈ ఏడాది మన సమావేశాల్లో ప్రధానమైన పని.

ఎక్కువ చర్చ జరిగింది కొవ్వొత్తి ప్రయోగం మీద. లోతైన పళ్లెంలో 2 సెం.మీ. ఎత్తున రంగునీళ్లు పోసి, మధ్యలో మైనంతో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. మంట ఆరాక నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ‘గాలిలో ఐదో వంతు ఉండే ఆక్సిజన్ ఖర్చయింది కనుక’ అన్న వివరణ ఏళ్ల తరబడి నోట్సుల్లో సాగుతోంది. దాన్ని పిల్లలే పరీక్షించాలి. అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెడితే నీరు ఎంత ఎక్కుతుంది? అంచనా, దానికి కారణం రాసేదాకా అగ్గిపుల్ల గీయకూడదు. ఆక్సిజనే కారణమైతే మట్టం మారకూడదు; మారుతుంది, ఎక్కువే ఎక్కుతుంది. వేడెక్కిన గాలి అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోవడం, మంట ఆరాకే నీరు గబగబా లేవడం గమనించిన పిల్లలు, కొంత గాలి బయటికి పోయి మిగిలింది చల్లారి కుంచించుకోవడమే ప్రధాన కారణమన్న దగ్గరికి తామే వస్తారు. పదో తరగతిలో ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. మైనం అణువులో 25 కార్బన్లు, 52 హైడ్రోజన్లు అనుకుని సమీకరణం తుల్యం చేయిస్తే 38 ఆక్సిజన్ అణువులు పోయినచోట 25 కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. అంటే ఖాళీ అయ్యే చోటులో దాదాపు మూడింట రెండు వంతులు మళ్లీ నిండుతుంది.

గ్లాసు అంచు పళ్లేనికి అతుక్కుంటే నీరు లోపలికి రాదు. కింద మూడు రూపాయి నాణేలు పెట్టండి. నీళ్లు తక్కువైతే మట్టం అంచు కిందికి దిగి బయటి గాలి చొరబడుతుంది. రెండోసారి చేసేముందు గ్లాసు చల్లారాలి. కొవ్వొత్తుల ఎత్తు, బోర్లించే వేగం ఒకేలా లేకపోతే పోలిక చెల్లదు. అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టేది మాత్రం, పిల్లలు తడబడగానే మనం కారణం చెప్పేయడం.

చర్చించిన మరో ప్రయోగం లోలకం, అంటే దారానికి వేలాడి ఊగే గుండు. దాని పొడవు 25 నుంచి 100 సెం.మీ.కి, అంటే నాలుగు రెట్లు పెంచితే 20 డోలనాల (అటూ ఇటూ పూర్తి ఊపుల) కాలం సుమారు 20 సెకన్ల నుంచి 40కి చేరుతుంది, 80కి కాదు. వాచీ నొక్కుతూ ‘ఒకటి’ అంటే ఒక డోలనం తగ్గిపోతుంది, ‘సున్నా’ అనాలి. పొడవు గుండు మధ్య దాకా కొలవాలి.

ఇలాంటి ప్రయోగాలకు మార్కులు నాలుగు: అంచనాకు ఇచ్చిన కారణం, ఒక్క చలరాశినే (మారే అంశాన్నే) మార్చడం, పట్టిక, ఆధారంతో ముగింపు. అంచనా తప్పినా మార్కు పోదని ముందే చెప్పాలి, లేకుంటే పక్కవాడి కాగితం చూసి రాస్తారు.

జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి. వచ్చే ఏడాది ఆకులో పిండిపదార్థ పరీక్ష తీసుకుంటున్నాం. బడులు తెరిచేలోగా ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ రంగురంగుల ఆకుల కోలియస్ మొక్కను కుండీలో పెంచి సిద్ధంగా ఉంచాలని కోరుతున్నాం.