నీ రిస్క్ పట్టిక చదివాక

ఒరేయ్,

సముద్రంలో బ్రేక్‌వాటర్ (అలలను ఆపే రాళ్ల గట్టు) కట్టే పనికి నువ్వు పంపిన ప్రమాదాల పట్టిక మొత్తం చదివాను. బాగుందంటే నమ్మవు, బాగా లేదంటే అలుగుతావు. అందుకే సూటిగా చెబుతున్నాను: అందులో సముద్రం లేదు. ఎత్తు నుంచి పడటం, కరెంటు షాక్, క్రేన్ తాళ్లు, అన్నీ ఉన్నాయి. దాంతో నిక్షేపంగా అపార్ట్‌మెంట్ కట్టుకోవచ్చు.

నా బెంగంతా సగం కట్టిన బ్రేక్‌వాటర్ గురించి. పూర్తయ్యాక అది నూరేళ్ల తుఫానుకు తట్టుకునేలా లెక్క కడతారు, సరే. కడుతున్నంత కాలం మాత్రం దాని కొసన, పైన పెద్ద దిమ్మల కవచం లేని చిన్న రాళ్ల గుట్టే ఉంటుంది. క్రేను, మనుషులు ఉండేది సరిగ్గా అక్కడే. పదేళ్లకోసారి వచ్చే స్థాయి తుఫాను రెండేళ్ల పనికాలంలో ఎదురయ్యే అవకాశం 19 శాతం. దానికెదురుగా నువ్వు 'అరుదు' అని రాశావు. ఐదింట ఒకటి అరుదెలా అవుతుందిరా? పోర్చుగల్‌లోని సీనెస్ రేవులో, దాదాపు పూర్తయిన బ్రేక్‌వాటర్ మీద అలల దెబ్బ కాచే 42 టన్నుల కాంక్రీటు 'డోలోస్' దిమ్మలే 1978 ఫిబ్రవరి తుఫానుకు విరిగి కొట్టుకుపోయాయి.

వాతావరణ సూచనలో 'అల ఎత్తు 1.5 మీటర్లు' అని ఉంటే, అది అన్నిటికన్నా పెద్ద మూడోవంతు అలల సగటు. కొన్ని గంటల్లో ఏదో ఒక అల దానికి దాదాపు రెట్టింపు రావచ్చు. బార్జ్ (చదునైన సరుకు పడవ) మీది క్రేనుకు ఆ ఒక్కటి చాలు. అలల మధ్య వ్యవధి కూడా అడుగు. దూరపు తుఫాను పంపే పొడవాటి అలలు గాలి లేని రోజున కూడా బార్జ్‌ను ఊపేస్తాయి.

డైవర్ల దగ్గర 'మునిగిపోవడం' అని ఒక్క మాటతో సరిపెట్టావు. నన్ను భయపెట్టేది నీటిమట్టాల తేడా. కాఫర్‌డ్యామ్ (పని కోసం నీటిని బయట ఆపే తాత్కాలిక గోడ) లోపలికన్నా బయట నీరు 5 మీటర్లు ఎక్కువగా ఉంటే, 30 సెంటీమీటర్ల కన్నం దగ్గర పీడన బలం సుమారు 350 కిలోల బరువంత. అక్కడ చిక్కిన మనిషిని తాడుతో లాగి విడిపించలేరు. డైవరును దించకముందే పంపులు ఆపి, వాల్వులకు తాళం వేసి, తాళంచెవి డైవింగ్ సూపర్‌వైజర్ చేతికివ్వాలి.

'వాతావరణం బాగా లేకపోతే పని ఆపాలి' అనే వాక్యం కొట్టెయ్. ఎంత అలకు, ఎంత గాలికి ఆపాలో, ఆపమనేది ఎవరో ముందే రాసిపెట్టు. ఆలస్యానికి జరిమానా పడే రోజున 'బాగా లేకపోవడం' ఎవరి కంటికీ కనిపించదు. క్రేనును వెనక్కి తేవడానికి ఎంతసేపు పడుతుందో కూడా కొలువు.

సవరించి మళ్లీ పంపు. ఆటుపోట్ల పట్టిక జతచెయ్యకపోతే మాత్రం చదవను.

నీ
నేస్తం