ఇర్వింగ్ పక్కింటి పెద్దల సాయం: ఈ ఏడాది జమా ఖర్చులు

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మన అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కల ఉంటున్న మెక్సికో, ఎల్ సాల్వడార్ పెద్దవాళ్ల కోసం మీరిచ్చిన డబ్బు ఎటు పోయిందో సెంటుతో సహా చెప్పాల్సిన బాధ్యత కమిటీది.

ముందు జమ. 42 కుటుంబాల చందాలు 3,150 డాలర్లు, దీపావళికి పెట్టిన ఇడ్లీ, పునుగుల స్టాల్‌లో మిగిలింది 1,280, ఒకరి చందాకి జతగా వాళ్ల ఆఫీసు ఇచ్చింది (మ్యాచింగ్) 500, కిందటేడు నిల్వ 215. మొత్తం 5,145.

ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు 1,296, ఇంట్లో పెద్దావిడని చూసుకోవడానికి పెట్టిన మనిషి జీతం. పిల్లలున్నారు కదా, మళ్లీ మనిషిని పెట్టడం దేనికని చాలామంది అడిగారు. పిల్లలున్నారు, చూసుకుంటున్నారు, అమ్మానాన్నల్ని వృద్ధాశ్రమంలో చేర్చే మాట మనం వెళ్లిన ఏ ఇంట్లోనూ వినపడలేదు. వాళ్లకి లేనిది నిద్ర. మతిమరుపు జబ్బున్న ఒక పెద్దావిడని కూతురు ఒక్కతే చూసుకుంటోంది. రాత్రంతా హోటల్ లాండ్రీలో పనిచేసి, పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, తల్లికి షుగర్ చూసి, ఇన్సులిన్ ఇచ్చి, టిఫిన్ తినిపించి, ఆవిడ బయటికి వెళ్లిపోకుండా తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని అందులోనే కునుకు తీస్తుంది. ఆ ఇంటికి స్పానిష్ మాట్లాడే మనిషిని 12 వారాలు, వారానికి రెండు పూటలు, పూటకి మూడు గంటలు పెట్టాం. గంటకి 18 చొప్పున 72 గంటలు. మొదటిరోజు ఆ అమ్మాయి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పడి నిద్రపోయింది.

ఆస్పత్రి ప్రయాణాలు 38, క్యాబ్‌లకి 1,216. మెడికేర్, అంటే పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఉంటుంది కదా అంటే, 65 నిండినంత మాత్రాన అందరికీ ఉచితంగా రాదు, పన్ను కట్టిన పని పదేళ్లు లెక్కలో ఉండాలి. ఇళ్లు తుడిచి, గడ్డి కోసి చేతికి క్యాష్ తీసుకున్న ఏళ్లు ఆ లెక్కలో చేరలేదు. కాగితాలు లేనివాళ్లకైతే, జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ (పింఛను పన్ను) కోసుకున్నా పింఛను రాదు.

సిటిజన్‌షిప్ ఫీజులు 1,140. 1986 అమెరికా వలస చట్టంతో సుమారు 27 లక్షల మందికి కాగితాలొచ్చాయి, అప్పటి పాతికేళ్ల కుర్రాళ్లు ఇప్పుడు అరవై దాటారు, కొందరు ఇంగ్లిష్ పరీక్ష భయంతో గ్రీన్‌కార్డు మీదే ఉండిపోయారు. 55 ఏళ్లు దాటి, గ్రీన్‌కార్డు వచ్చి 15 ఏళ్లయితే ఇంగ్లిష్ పరీక్ష ఉండదు, చరిత్ర ప్రశ్నలకి స్పానిష్‌లోనే జవాబివ్వొచ్చు. 1996 సంక్షేమ చట్టం తర్వాత ఎస్ఎస్ఐ సాయం (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) చాలామంది గ్రీన్‌కార్డు వాళ్లకి అందదు కాబట్టి ఇది వాళ్లకి చాలా అవసరం. ఇక్కడ కమిటీ ఒక తప్పు చేసింది. ఆదాయం తక్కువున్నవాళ్లకి ఫీజు 380 అని తెలుసుకోకుండా మొదటి అప్లికేషన్‌కి 760 కట్టేశాం, అది తిరిగి రాదు. రెండోదానికి 380 కట్టాం. క్షమించాలి.

శుక్రవారం భోజనాలు ఆరుసార్లు, 684. తిన్నాక లొతెరియా ఆడతారు, మన తంబోలా లాంటిదే, అంకెల బదులు సూర్యుడు, చంద్రుడు, కోడిపుంజు బొమ్మలు, వచ్చిన బొమ్మ మీద చిక్కుడు గింజ పెట్టాలి. విజిటర్ వీసా మీద వచ్చి పగలంతా నాలుగు గోడల మధ్య ఉండే మన అమ్మలు కూడా ముగ్గురు వచ్చారు. ఒకావిడ ఇంటినుంచి చింతపిక్కలు తెచ్చి పంచితే, మెక్సికో పెద్దాయన ఒకటి చేతిలోకి తీసుకుని "తమరిందో!" అని గట్టిగా అన్నారు. వాళ్ల వంటింట్లోనూ చింతపండు ఉంటుందని మన అమ్మలకి అప్పుడే తెలిసింది. ఈ పద్దు తగ్గించమని ఎవరూ అడగొద్దు.

బీపీ మిషన్లు ఎనిమిది, 280. జిరాక్సులు, స్టాంపులు 64. మొత్తం ఖర్చు 4,680, నిల్వ 465.

ఈ డబ్బు మన ఊరి బడికి పంపొచ్చు కదా అన్నవాళ్లకి: దానికి వేరే చందా ఉంది, ఇది ఈ పని పేరు చెప్పి తీసుకున్న డబ్బు, దీనికే ఖర్చవ్వాలి.

రసీదులన్నీ ఆదివారం క్లబ్‌హౌస్‌లో పెడతాం, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఆ కూతురింటికి మనిషిని పంపే 12 వారాలూ అయిపోయాయి, ఉన్న 465తో ఇంకో నాలుగు వారాలు పంపగలం. ఆ తర్వాతి వారాలకి ఇవ్వగలిగినవాళ్లు నెలాఖరులోపు చెప్పండి.